మేకపిల్లల దాణాలో ఎంజైమ్ పొడి: 103 రోజుల లెక్కలు, తప్పులతో సహా

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. వర్షాధారం భూమి, శెనక్కాయ పంట, కొట్టంలో 11 తల్లి మేకలు. ఈ ఈతలో 16 పిల్లలు బతికాయి. పాలు తగ్గే వయసుకు వచ్చేసరికి ప్రతి ఏడూ మా పిల్లలు బక్కచిక్కుతాయి, కడుపు మాత్రం కుండలా కనపడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు. ఎంజైమ్ (తిన్నదాన్ని విడగొట్టి అరిగించే పదార్థం) పొడి కలిపితే అరుగుదల బాగుంటుందని చాలామంది చెప్పారు గానీ తూకం వేసి చూపించినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఈ డైరీ. మీరూ చేయాలనుకుంటే 1, 2, 3 దశల్లో నేను పోగొట్టుకున్న నలభై రోజులు మీకు మిగులుతాయి.

కొన్న సామాను:

1. వేలాడే డిజిటల్ కాటా (50 కిలోలది): 650 రూపాయలు
2. బంగారం తూచే లాంటి చిన్న జేబు కాటా: 400
3. ఎంజైమ్ పొడి 1 కిలో: 480
4. నీళ్లు చల్లే స్ప్రే సీసా: 60
5. మెడకు కట్టడానికి రంగు దారాలు: 40

మొత్తం 1,630.

పొడి లేబుల్ మీద సెల్యులేజ్, జైలనేజ్, అమైలేజ్, ప్రోటియేజ్ అని నాలుగు పేర్లున్నాయి. మొదటి రెండూ పీచును కోస్తాయి, మూడోది గింజలోని పిండిని, నాలుగోది మాంసకృత్తులను. బూజు జాతి నుంచి తీసినవని కూడా రాసి ఉంది, ఈ మాట తర్వాత పనికొచ్చింది. మోతాదు టన్ను దాణాకు 1 కిలో.

దశ 1: నీళ్ల బకెట్ (1 నుంచి 9వ రోజు)

పిల్లల వయసు అప్పటికి మూడు, నాలుగు వారాలు. రంగు దారాలతో ఎనిమిదేసి రెండు జట్లు చేశాను. ఎర్ర దారం జట్టుకు పొడి, తెల్ల దారం జట్టుకు ఏమీ లేదు. సులువని పొడిని తాగే నీళ్లలో కలిపాను.

నీళ్లు సరిగా తాగే వయసే కాదది. రోజూ బకెట్‌లో పోసినవి పోసినట్టే ఉండేవి. పొడి అడుగున పేరుకుపోయింది, నాలుగో రోజుకు బకెట్ గోడలకు జిగట పట్టింది, ఎండ పడే చోట పెట్టడం వల్ల పులిసిన వాసన కూడా. నాయన వంగి చూసి, "ఏం కలిపినావురా దీంట్లో, మనం తాగుతామా ఈ నీళ్లు?" అన్నాడు. ఆ సాయంత్రమే పారబోశాను.

రెండో తప్పు తూకంలో. మొదటి వారం తూకాలు చూస్తే నీలం అంచు ఉన్న ఎర్ర దారం పిల్ల ఒక్క రోజులో 280 గ్రాములు పెరిగింది, మర్నాడు 240 తగ్గింది. కారణం ఏమంటే ఒక రోజు పాలు తాగాక తూచాను, ఇంకో రోజు తాగకముందు. నాలుగు కిలోల పిల్లకు కడుపులోని పాలే పావు కిలో. అప్పటి నుంచి వారానికి ఒక్కసారి, తెల్లవారుజామున గంప కింద నుంచి తీసీ తీయగానే, తల్లి దగ్గరికి వదలకముందే తూచాను. గోనెసంచికి నాలుగు కాళ్లకూ రంధ్రాలు చేసి అందులో కూర్చోబెడితే తన్నదు, కాటా అంకె ఐదు సెకన్లలో నిలుస్తుంది.

వాడిన పొడి: 40 గ్రాములు. పనికొచ్చిన లెక్క: సున్నా.

దశ 2: గంజి (10 నుంచి 18వ రోజు)

మా ఇంట్లో మేకపిల్ల నీరసంగా ఉంటే జొన్న గంజి తాపడం అలవాటు. ఇంటామె పొద్దున్నే కాచేది, దించిన వెంటనే నేను పొడి కలిపేవాణ్ణి, గోరువెచ్చగా అయ్యాక పిల్లకు 50 మి.లీ. చొప్పున తాపేవాళ్లం. తొమ్మిది రోజులు తాపాం. రెండు జట్ల తూకాల్లో ఏమీ తేడా లేదు.

అప్పుడు అనుమానం వచ్చి వంటింట్లోనే ఒక పరీక్ష చేశాను. పొడి కొన్న ప్రతి ఒక్కరూ ముందు ఇది చేయాలి, చేతి పని కొద్దిసేపే, మిగతాది ఆగడమే.

1. చెంచా జొన్న పిండి గ్లాసు నీళ్లలో చిక్కగా కాచి మూడు స్టీలు గ్లాసుల్లో సమానంగా పోయాలి.
2. మూడో గ్లాసులో పోసిన వెంటనే, పొగలు కక్కుతున్నప్పుడే చిటికెడు పొడి వేయాలి.
3. మూడూ వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారాక రెండో గ్లాసులో చిటికెడు పొడి వేయాలి. మొదటి గ్లాసులో ఏమీ వేయకూడదు.
4. అరగంట ఆగి, ఒక్కో గ్లాసు నుంచి చెంచాడు తీసి నీళ్లు కలిపి, పుండ్లకు పూసే అయోడిన్ మందు ఒక్క చుక్క వేయాలి.

అరగంట తర్వాత రెండో గ్లాసు వంచితే గంజి నీళ్లలా జారింది. మొదటిదీ మూడోదీ అంచుకు పట్టుకొని కదలనే లేదు. అయోడిన్ చుక్కకు మొదటిదీ మూడోదీ నేరేడు పండు రంగుకు తిరిగాయి, రెండోది ఎర్రమట్టి నీళ్ల రంగులో ఉండిపోయింది. నీలం రంగు వచ్చిందంటే పిండి అరగకుండా అలాగే ఉందని అర్థం. అంటే తొమ్మిది రోజులూ నేను మరిగే గంజిలో వేసి ఎంజైమును చంపి తాపాను. వేడిని తట్టుకునే రకాలు కూడా బజారులో ఉన్నాయి, అవి ఎక్కువగా బ్యాక్టీరియా నుంచి తీసినవి, నా పొడి ఆ రకం కాదు. ఈ పరీక్షలో అమైలేజ్ సంగతి మాత్రమే తెలుస్తుంది, పీచును కోసేవాటి సంగతి తెలియదు, అయినా పొడి మొత్తంగా బతికుందా చచ్చిందా అనే అంచనాకు నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు.

వాడిన పొడి: 30 గ్రాములు. ఇప్పటిదాకా 70.

దశ 3: పారుడు (19 నుంచి 40వ రోజు)

ఇది రాయడం కష్టంగా ఉంది.

19వ రోజు నుంచి గంజి మానేసి, చల్లని దాణాలో పొడి కలపడం మొదలుపెట్టాను. 21వ రోజు పొద్దున ఎర్ర దారం జట్టులో రెండు పిల్లల తోకల కింద తడి. పెంటికలు కట్టలేదు, ముద్దగా, కాస్త నల్లగా. పొడి పడలేదనుకొని వెంటనే ఆపేశాను. ఆపినా తగ్గలేదు, 23వ రోజుకు తెల్ల దారం జట్టులో మూడు పారుకోవడం మొదలుపెట్టాయి. తెల్ల జట్టుకు పొడి ముట్టనే లేదు, అక్కడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. అరుగుదల సమస్యే అనుకొని, ఆ రెండు రోజులూ దాణా తగ్గించి మజ్జిగ తాపుతూ కూర్చున్నాను.

24వ రోజు సాయంత్రం తెల్ల దారం జట్టులో చెవి మీద మచ్చ ఉన్న పిల్ల నిలబడలేకపోయింది. ముక్కు చల్లగా ఉంది, మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది, ఒంట్లో నీళ్లు అయిపోయాయని దానర్థం. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ రాత్రంతా పొయ్యి పక్కన గోనె మీద పెట్టుకున్నాం. తెల్లవారేలోపు పోయింది. 4.1 కిలోలు, అంతకు ముందు వారం 4.6.

పొద్దున్నే ఐదు పిల్లల పెంట చిన్న డబ్బాల్లో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి పోయాను. మైక్రోస్కోపు కింద చూసి డాక్టరు సారు చెప్పింది, కాక్సిడియా. ఇది నులిపురుగు కాదు, పేగు లోపలి గోడలో పెరిగే కంటికి కనపడని జీవి. పెంటలో బయటకు వచ్చి, తడి తగిలితే రెండు మూడు రోజుల్లో ఇంకో పిల్లకు అంటుకునే దశకు వస్తుంది. పేగు గోడ దెబ్బతిన్న పిల్లకు ఏ ఎంజైము వేసినా ఉపయోగం లేదు, పీల్చుకోవాల్సిన చోటే పాడైంది కదా. నట్టల మందు కూడా దీనికి పనిచేయదు. సారు ఆంప్రోలియం రాశారు, పిల్ల బరువును బట్టి, ఐదు రోజులు. ఎక్కువ రోజులు పొడిగించొద్దని గట్టిగా చెప్పారు, ఆ మందు బి1 విటమిన్‌కు అడ్డుపడుతుంది.

కొట్టంలో మార్చినవి:

1. దాణా తొట్టి నేల మీద ఉండేది, పిల్లలు అందులోకే ఎక్కి పెంటికలు వేసేవి. పీవీసీ పైపును నిలువునా చీల్చి తొట్టి చేసి, పిల్ల ఛాతీ ఎత్తున, బయటి వైపు కట్టాను. తల మాత్రమే లోపలికి పోతుంది.
2. నీళ్ల కుండీ చుట్టూ ఎప్పుడూ తడే. దాన్ని కొట్టం బయట రాళ్ల మీద పెట్టాను.
3. పాత మట్టి నాలుగు వేళ్ల మందం తీసేసి, ఎండకు ఆరనిచ్చి, సున్నం చల్లి, కొత్త ఎర్ర గరుసు పోశాను.

మందులు 320, సున్నం 110, పైపులూ జాలీ 540. ఈ దశకు 970, ఇప్పటిదాకా మొత్తం 2,600.

ఇంకో తెల్ల దారం పిల్లను లెక్కలోంచి తీసేశాను. దాని తల్లికి పొదుగు వాపు వచ్చి సీసా పాలతో పెరుగుతోంది, మిగతావాటితో పోల్చడం న్యాయం కాదు. ఎర్ర జట్టు నుంచి ఒకదాన్ని తెల్ల జట్టులోకి మార్చి లెక్క సరిచేశాను. మిగిలినవి 14, జట్టుకు ఏడు.

మీ దగ్గర పిల్లలు పారుకుంటుంటే పొడి కొనేముందు పెంట పరీక్ష చేయించండి. నా ఆలస్యం మూడు రోజులు, పోయింది ఒక పిల్ల.

దశ 4: అసలు పరీక్ష (41 నుంచి 82వ రోజు)

ముందు కలిపే పద్ధతి కుదరాలి. కిలో దాణాకు 1 గ్రాము పొడి. పిల్ల రోజుకు తినేది 130 గ్రాముల దాణా, అంటే దాని వాటా గ్రాములో ఎనిమిదో వంతు. అంత తక్కువ పొడి సమానంగా కలవడం ఎలా? ఉత్తినే దాణాలో చల్లి చేత్తో తిప్పాను. కలిసిందో లేదో చూద్దామని ఒకసారి అందులో పసుపు కూడా వేసి చూస్తే, గంప ఒక మూల పచ్చగా ఉండలు, మిగతాదంతా తెల్లగా. పది గ్రాముల పొడి అలా పోయింది. తర్వాత ఇలా మార్చాను:

1. 10 గ్రాముల పొడి జేబు కాటాతో తూచి, పిడికెడు గోధుమ తవుడులో కలపాలి.
2. అంతే తవుడు మళ్లీ వేసి కలపాలి, ఆపై రెట్టింపు, ఇలా మొత్తం కిలో అయ్యేదాకా.
3. ఈ మిశ్రమం 100 గ్రాములు, కిలో దాణాకు.
4. పొడి వేయని జట్టు దాణాలో అదే 100 గ్రాముల ఉత్త తవుడు వేయాలి. లేకపోతే తేడా తవుడుదా పొడిదా అన్నది తేలదు.

దాణా రెండు జట్లకూ ఒకటే: జొన్న నూక 35 పాళ్లు, శెనక్కాయ చెక్క 25, గోధుమ తవుడు 22, కంది పొట్టు 15, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. చెక్కకు బూజు వాసన ఏ కొంచెం ఉన్నా వాడొద్దు, శెనక్కాయ బూజులో వచ్చే అఫ్లాటాక్సిన్ లేత పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

రెండోది మేత. పీచు ఎక్కువ ఉండేది శెనక్కాయ కట్టెలోనే (కాయలు తీశాక మిగిలే ఎండు చెట్టు) కాబట్టి పొడి అసలు పని అక్కడే. వామి నుంచి తీసిన కట్టెను దులిపితే కిలోకు గుప్పెడు ఎర్రమట్టి రాలుతుంది, ముందు అది పోవాలి. తర్వాత చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలు. మొదట కిలోకు అర లీటరు నీళ్లలో 1 గ్రాము పొడి కలిపి, పొద్దున 6 కిలోలు తడిపి సాయంత్రానికని గోనె కప్పి పెట్టాను. సాయంత్రం చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది, ముక్కను ముక్కు దగ్గర పెడితే ముక్కిన వాసన. ఆరు కిలోలూ ఎరువు దిబ్బలో వేశాను. నీళ్లు 200 మి.లీ.కు తగ్గించి, ఒక్క పూటకు సరిపడేంతే, నీడలో రెండు గంటలు నానబెట్టడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది రాలేదు. తెల్ల దారం జట్టు కట్టెకు ఉత్త నీళ్లు, అదే కొలత.

నానబెట్టడం ఎందుకంటే, మేక కడుపులో నాలుగు గదులుంటాయి. పెద్ద మేకకు వాటిలో మొదటిదైన పెద్ద పొట్టలో పీచును కోసే సూక్ష్మజీవులు కోట్లల్లో ఉంటాయి, అవే ఎంజైములు తయారుచేసుకుంటాయి. పుట్టిన పిల్లలో ఆ గది పనిచేయదు, పాలు ఒక గాడి గుండా నేరుగా నాలుగో గదికే పోతాయి. ఆకూ గింజా కొరకడం మొదలుపెట్టిన కొద్దీ ఆ పొట్ట వారాల మీద తయారవుతుంది. ఆ మధ్యలో పాలు తగ్గి మేత పెరిగే కాలంలోనే బయటి ఎంజైముకు చోటు ఉంటుంది. అదైనా ఉత్తగా వేస్తే పొట్టలోని సూక్ష్మజీవులే దాన్నీ మాంసకృత్తులా తినేస్తాయి. ముందే తడిపి మేతకు పట్టించి ఉంచితే కొంతసేపు నిలుస్తుంది, పైగా పిల్ల నోట్లోకి పోయేలోపే పని మొదలై ఉంటుంది.

మధ్యలో చిటుకు రోగం (ఉన్నట్టుండి ప్రాణం తీసే పేగుల జబ్బు) టీకా పడింది, రెండు జట్లకూ ఒకే రోజు. ఆ వారం అన్నీ మేత కాస్త తగ్గించాయి, లెక్కలోంచి ఆ వారం తీయలేదు.

42 రోజుల తూకాలు, జట్టు సగటు:

తెల్ల దారం (పొడి లేదు): 6.4 నుంచి 9.0 కిలోలు. పెరిగింది 2.6, రోజుకు సుమారు 62 గ్రాములు.
ఎర్ర దారం (పొడి): 6.3 నుంచి 9.3 కిలోలు. పెరిగింది 3.0, రోజుకు సుమారు 71 గ్రాములు.

మొదటి మూడు వారాల్లో తెల్లవి 1.1, ఎర్రవి 1.4. తర్వాతి మూడు వారాల్లో తెల్లవి 1.5, ఎర్రవి 1.6. తేడాలో ఎక్కువ భాగం మొదట్లోనే వచ్చింది.

ఈ 400 గ్రాములను చూసి పొడి గెలిచిందని నేను రాయను. తెల్ల జట్టులో ఒక పోతుపిల్ల పొడి లేకుండానే 3.3 కిలోలు పెరిగింది, ఎర్ర జట్టులో కవల పిల్లల్లో చిన్నది పొడి తిని కూడా 2.2 దగ్గరే ఆగింది. పిల్లకూ పిల్లకూ మధ్య తేడా, జట్టుకూ జట్టుకూ మధ్య తేడా కంటే పెద్దది. ఏడు పిల్లలతో ఇంతకంటే గట్టిగా చెప్పలేం.

ఇంకో కొలత కూడా చేశాను. 70వ రోజు రెండు జట్ల నుంచి తాజా పెంటికలు 50 గ్రాములేసి తీసి, రాత్రంతా నానబెట్టి, టీ వడగట్టే జాలిలో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, జాలిలో మిగిలింది ఎండబెట్టి తూచాను. తెల్లవాటిది 9.2 గ్రాములు, ఎర్రవాటిది 8.1. రెండింటిలోనూ శెనక్కాయ పుల్లల పీచు దారాల్లా ఉంది, కానీ తెల్లవాటి దాంట్లో జొన్న నూక ముక్కలు గోటితో గిల్లితే ఇంకా పిండి రాలేంత పచ్చిగా దొరికాయి. పక్కింటి పిల్లవాడు అవి ఏరి లెక్కపెట్టాడు, తెల్లవాటిలో 23, ఎర్రవాటిలో 9. ఈ ఒక్క చూపు నన్ను అన్ని తూకాల కంటే ఎక్కువ నమ్మించింది. ఒకటే రోజు, ఒకటే నమూనా అన్న సంగతి మాత్రం మర్చిపోవద్దు.

ఖర్చు: పిల్లకు దాణా 5.46 కిలోలు, 14 పిల్లలకు 76 కిలోల పైన, కిలో 28 చొప్పున 2,140. కట్టె మా పొలందే. ఇప్పటిదాకా 4,740. పొడి ఒక్కో పిల్లకు దాణాలో 5.5, కట్టెలో 8.4, కలిపి 14 గ్రాముల లోపు, అంటే 7 రూపాయల లోపు.

దశ 5: జట్లు మార్చాను (83 నుంచి 103వ రోజు)

అనుమానం తీర్చుకోవడానికి దారాలు అలాగే ఉంచి పొడి మాత్రం తిప్పేశాను. ఇప్పుడు తెల్లవాటికి పొడి, ఎర్రవాటికి ఉత్త తవుడు. పిల్లలకు అప్పటికి నాలుగు నెలలు దగ్గరపడ్డాయి, తల్లుల వెంట మేతకు పోతున్నాయి, దాణా 150 గ్రాములు.

తెల్ల దారం (ఇప్పుడు పొడి): 9.0 నుంచి 10.6. రోజుకు 76 గ్రాములు.
ఎర్ర దారం (ఇప్పుడు పొడి లేదు): 9.3 నుంచి 10.8. రోజుకు 71 గ్రాములు.

పొడి తినే జట్టే మళ్లీ కాస్త ముందుంది, కానీ మూడు వారాల్లో 100 గ్రాములు అంటే కాటా వేసే రోజు ఒక పిల్ల ఉచ్చ పోసిందా లేదా అన్నంత తేడా. పొట్ట తయారయ్యాక దీని అవసరం తగ్గుతుందనే నా లెక్క. వచ్చే ఈతకు నేను పొడి వాడేది ఆరో వారం నుంచి పన్నెండో వారం వరకే, అదీ పెంట పరీక్షలో ఏమీ లేదని తేలాకే.

దాణా 44 కిలోలు, 1,235 రూపాయలు. మొత్తం 5,975. వాడిన పొడి అన్ని దశలూ కలిపి సుమారు 245 గ్రాములు, ప్యాకెట్‌లో ఇంకా ముప్పావు కిలో ఉంది.

ఆ మిగిలిన దాన్ని నిన్న మళ్లీ గంజి పరీక్షకు పెట్టాను. మొదట్లో అరగంటకే పలచబడిన గంజి ఈసారి గంట దాటింది, అయోడిన్ చుక్కకు ఇంకా లేత ఊదా రంగు చూపిస్తూనే ఉంది. ప్యాకెట్‌ను మూతి మడిచి రేకుల కప్పు కింది అటకలో పెట్టాను, మూడు నెలలు, అందులో చివరి నెల ఎండలు ముదిరాయి. దాన్ని ఇక పిల్లలకు వాడను. ఈసారి పావు కిలో ప్యాకెట్ కొని, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి, నీళ్ల కుండ పక్కన చల్లటి మూలలో పెడతాను, నెలకోసారి గంజి పరీక్ష చేసి ఆ సమయం డబ్బా మీదే రాస్తాను.